వంకర కొవ్వొత్తి

ఆగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లిండాల్వా లోలోపల లెక్కపెట్టింది, తొమ్మిది దగ్గర కొక్కేనికి వేలాడే ఊయల తాడు సన్నగా కిర్రుమంది, సొరాయా ఊపిరి మళ్ళీ అందుకుంది. ఆమె ఏప్రన్ జేబులో చెయ్యి పెట్టి కొవ్వొత్తిని పట్టుకుంది, మళ్ళీ వదిలేసింది. ఇప్పుడు కాదు. పొద్దున లెక్క ఏడు దాకా పోయింది, ఇప్పుడు తొమ్మిది, మరి పదిహేనైతే వెలిగించాలా, ఇరవై అయితేనా, ఎవరు చెప్తారు? మధ్యాహ్నం రెండు దాటింది. వంటింట్లో గిన్నెల చప్పుడు సద్దుమణిగింది, చిక్కుడు గింజల పులుసు వాసన మాత్రం నడవాలో ఇంకా తిరుగుతోంది, ఇంట్లో ఉన్న పదకొండు మంది రోగుల్లో పదిమంది నిద్రలోనో నిద్రలాంటి మగతలోనో ఉన్నారు, పదకొండో మనిషి సొరాయా ఇదిగో ఈ గుడ్డ ఊయల్లో, ముక్కు కింద గొట్టంతో, పక్కన మనిషంత ఎత్తు ఆక్సిజన్ సిలిండరుతో, నెత్తిన తిరిగే ఫ్యానుతో. ఈ ఇల్లు నడిపే సిస్టర్ బెనీగ్నా ఇంకో సిలిండరు కోసం ఎవరినో బతిమాలుకోవడానికి ఫోర్తలేజా ఊళ్ళోకి వెళ్ళింది, నాలుగింటికి గాని రాదు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, చూపు తిన్నగా లిండాల్వా జేబు మీద నిలిపింది. "ఆ గదిలో అగ్గిపుల్ల గీశావో, అందరం కలిసి ఒకే బండిలో పైకి పోతాం. తెలిసిందా?" అంది. తెలిసింది సిస్టర్, అంది లిండాల్వా. తెలియకేం, గాలి సిలిండరు పక్కన నిప్పు పెట్టకూడదని చిన్నపిల్లలకీ తెలుసు. తెలిసీ జేబులో కొవ్వొత్తి ఉంది, కొవ్వొత్తి పక్కన అగ్గిపెట్టె ఉంది.

సిస్టర్ పట్నంలో పుట్టి పెరిగిన మనిషి, ఆవిడకేం తెలుస్తుంది. లిండాల్వా పుట్టిన మెట్టసీమలో ఎవరైనా ఎవరినైనా తిట్టదలుచుకుంటే, నీ కొంప కూల, నీ ఆవులు చావ, అని మొదలుపెట్టి అన్నీ అయిపోయాక ఆఖరున ఒక్క మాట దాచుకునేవాళ్ళు, చేతిలో కొవ్వొత్తి లేకుండా పోతావు అని. ఆ మాట అన్నాక ఇక రెండు ఇళ్ళకీ మాటలుండవు. పోయే మనిషి గుప్పిట్లో వెలుగుతున్న కొవ్వొత్తి పెట్టాలి, పట్టుకునే ఓపిక వాళ్ళకి ఉండదు కాబట్టి ఆ గుప్పిటి మీద ఇంకొకరు తమ గుప్పిట మూసి పట్టుకోవాలి, ఊపిరి పోయేదాకా పట్టుకోవాలి, అప్పుడు గాని అవతల దారి కనపడదు. ఆ పట్టుకునే పని లిండాల్వా వాళ్ళమ్మది. గాడిదల మీద వచ్చి తీసుకెళ్ళేవాళ్ళు ఆమెని. పిండి పిసుకుతున్న చేతులు కడుక్కుని, తలమీద నల్లగుడ్డ వేసుకుని, లిండాల్వాని వెంటేసుకుని వెళ్ళేది. కాళ్ళు తడిమేది, ముక్కుకొన చూసేది, వేళ్ళు దుప్పటిని పీకుతున్నాయా అని చూసేది, ఇంకా వేళ కాలేదు, కాఫీ కాచుకోండి అనేది, లేదా, పిల్లల్ని పిలవండి అనేది. అంతే, ఒక్కసారీ తప్పు పోలేదు. తొందరపడితే మనిషిని మెడబట్టి గెంటినట్టు, ఆలస్యమైతే చీకట్లో వదిలేసినట్టు, రెండింటికీ మధ్య సందు వేలెడంత ఉంటుందే అని చెప్పేది తిరిగొస్తూ. ఆ చదువే లిండాల్వా చదివింది, ఇంకో చదువు లేదు.

ఆ చదువు ఈ ఇంట్లో పనికిరాదని ఎవరూ చెప్పలేదు. వాళ్ళమ్మ చూసింది ముసలివాళ్ళని, పాము కరిచినవాళ్ళని, పురిట్లో పోయేవాళ్ళని, వాళ్ళ కాళ్ళు చల్లబడ్డాయంటే సాయంత్రానికి అయిపోయేది. ఈ ఎయిడ్స్ రోగం వేరు. ఇక్కడ కాళ్ళు నెలల తరబడి చల్లగానే ఉంటాయి, గోళ్ళు నల్లగానే ఉంటాయి, ముక్కులు కొనదేలే ఉంటాయి, జ్వరంలో అందరూ దుప్పట్లు పీకుతూనే ఉంటారు, మర్నాడు లేచి జామకాయ మిఠాయి ఉందా అని అడుగుతారు. చావు గుర్తులన్నీ ఒంటిమీద వేసుకుని బతుకుతుంటారు. పదమూడు. అమ్మో, పదమూడు దాకా పోయింది ఈసారి. తాడు కిర్రుమంది. ఊపిరిలో ఏదో బుడగ పగిలినట్టు చప్పుడు. లిండాల్వా తడిగుడ్డతో సొరాయా పెదవులు తుడిచింది, పెదవుల మూలల్లో తెల్లటి పొక్కులు, నిన్న ఇదే నోరు ఎంత వాగింది, నిన్న కాదు, మొన్న. నిన్నటి నుంచి మాట లేదు.

అప్పట్లో అడెర్బాల్ కూడా ఇదే గదిలో ఉండేవాడు. ఊయల కాదు, ఇనప మంచం, తల కిటికీ వైపు. సిటీ బస్సు కండక్టరు, జ్వరం వస్తే కళ్ళు మూసుకునే స్టాపులన్నీ వరసగా అరిచేవాడు, వెనక్కి జరగండి, తలుపు దగ్గర నిలబడకండి అనేవాడు, పక్కగదిలో వాళ్ళు అలాగేనయ్యా జరుగుతున్నాం అని నవ్వేవాళ్ళు. అప్పటికి ఇంటికి సిలిండర్లు లేవు. లిండాల్వా చేరి అప్పటికి ఐదు నెలలు. అంతకుముందు చెరువు దగ్గర ఊరి బట్టలు ఉతికేది, రోగం అంటుతుందని ఈ ఇంటి దుప్పట్లు ఎవరూ ముట్టుకోకపోతే తను ముట్టుకుంది, ముట్టుకుందని తెలిసి చెరువు దగ్గర ఆడవాళ్ళు తన రాయి ఖాళీ చేయించారు, పొమ్మంటే ఇక్కడికే వచ్చింది, పెరట్లో తొట్టి కట్టించారు. మొదట్లో రెండేసి తొడుగులు వేసుకునేది చేతులకి. ఆ రోజు మధ్యాహ్నం ఇలాగే, ఇదే వేళ, ఇదే ఎండ. అడెర్బాల్ కాళ్ళు మోకాళ్ళ దాకా చల్లబడ్డాయి, వేళ్ళు దుప్పటిని పీకాయి, ఊపిరి ఆగి ఆగి వచ్చింది, వాళ్ళమ్మ అయితే పిల్లల్ని పిలవండి అనేది. పిల్లలు లేరు, పిలిస్తే వచ్చేవాళ్ళూ లేరు. లిండాల్వా కొవ్వొత్తి వెలిగించి గుప్పిట్లో పెట్టి మరియమ్మ జపం మొదలుపెట్టింది. సగంలో ఉండగా అతను కళ్ళు తెరిచాడు.

తెరిచి కొవ్వొత్తిని చూశాడు, ఆమెని చూశాడు. "ఏంటిది?" అన్నాడు, గొంతు శుభ్రంగా ఉంది, బస్సులో అరిచే గొంతే. ఆ ఒక్క క్షణంలో ఏం చెప్పినా సరిపోయేది, తప్పైపోయింది నాయనా అన్నా సరిపోయేది, భయపడ్డాను అన్నా సరిపోయేది. ఆమె నోటికి వచ్చింది మాత్రం, కరెంటు పోయింది అడెర్బాల్, అందుకే. పట్టపగలు రెండింటికి. అతను కళ్ళు నెమ్మదిగా పైకెత్తి ఫ్యాను చూశాడు. ఫ్యాను తిరుగుతోంది. ఆమె కూడా తలెత్తి చూసింది, తిరుగుతోంది, రెక్కలు కనపడనంత జోరుగా తిరుగుతోంది. కొవ్వొత్తి ఊదేసి జేబులో పెట్టుకుంది, ఇంకా వేడిగా ఉన్న వత్తి గుడ్డలోంచి తొడకి తగిలింది. ఆ తర్వాత పదకొండు రోజులు బతికాడు అతను. గోడ వైపు తిరిగి. ఆమె గంజి తెస్తే పళ్ళు బిగించేవాడు, అదే గంజి వంటావిడ పడితే తాగేవాడు. ఆ ఆడమనిషిని నా దగ్గరికి రానివ్వకండి అని సిస్టర్‌తో అన్నాడట. పదకొండో రోజు లిండాల్వా తొట్టి దగ్గర అతని దుప్పటే పిండుతుండగా పోయాడు, వంటావిడకి ఈ పట్టింపులేం తెలియవు, కళ్ళు మూసి వచ్చి చెప్పింది. ముందు తొందరపడి గెంటింది, తర్వాత చీకట్లో వదిలేసింది, ఒక్క మనిషికే రెండూ చేసింది. సబ్బు నురగతో గదిలోకి పరిగెత్తి, పోయినవాడి చేతిలో కొవ్వొత్తి పెట్టబోతే వేళ్ళు ముడుచుకోలేదు.

పదకొండు, పన్నెండు. వచ్చింది. వీధిలో ఐసుపుల్లల వాడి గంట, జీడిమామిడి ఐసు, కొబ్బరి ఐసు. సొరాయాకి కొబ్బరి ఐసు ప్రాణం, మింగలేకపోయినా చీకి ఉమ్మేసేది. ఇప్పుడు వెళ్ళి కొని పెదవులకి రాస్తే? వెళ్ళొచ్చేసరికి? తను తొట్టి దగ్గర ఉన్నప్పుడే కదా అడెర్బాల్ పోయాడు. లిండాల్వా కుర్చీలోంచి లేవలేదు, కుడికాలు బొటనవేలు ఊయల అంచుకి ఆనించి ఉంచింది, ఊపిరి కదలిక వేలికి తెలుస్తుందని. ఈ ఊయల కోసం ఎంత రభస చేసింది ఈ పిల్ల. ఇనప మంచం మీద చావడానికి నేనేమన్నా పట్నం దొరసానినా, ఊయల్లో పుట్టాను, ఊయల్లోనే పోతాను, కొక్కేలు కొట్టండి, అని వచ్చిన రోజే సిస్టర్ మీద కేకలేసింది. ముప్పై ఒక్క కిలోలు తూగింది ఆ రోజు, అందులో సగం నోరే. సముద్రం దగ్గర వీధిలో పార్లర్ నడిపేదట, పెళ్ళికూతుళ్ళు ముందు నెలలోనే చెప్పుకునేవాళ్ళట, చేతులు వణుకుతున్నా లిండాల్వాని కుర్చీలో కూలేసి తలకి రంగు వేసింది, ఆ రంగు క్యారెట్ రంగు అయి కూర్చుంది. "బాగుందత్తా! ఇప్పుడు నువ్వు వస్తుంటే చావు కూడా పక్కకి తప్పుకుంటుంది" అంది. మొదటి వారంలో లిండాల్వా నోరు జారి సొరాయాని అతను అని అంది ఒకసారి, రిజిస్టర్‌లో జొసివాల్దో అని మగపేరు ఉంది మరి. సొరాయా గోళ్ళకి రంగు వేసుకుంటూ తలెత్తలేదు. "ఆ పేరుగలవాణ్ణి మా నాన్న బెల్టుతో కొట్టి పద్నాలుగేళ్ళ కిందటే చంపేశాడత్తా. నేను సొరాయాని" అంది. ఆ తర్వాత లిండాల్వా మరిచిపోలేదు.

ఆ పేరు మీదే వచ్చింది పార్సెల్, మూడు వారాల కిందట, సొరాయా సొంతూరు క్రతెయూస్ నుంచి వచ్చే బస్సు డ్రైవరు తెచ్చి గేటు దగ్గర ఇచ్చిపోయాడు. పిండి సంచి గుడ్డలో చుట్టి, పురికొస కట్టి, పైన పెన్సిలుతో జొసివాల్దో. ఉత్తరం లేదు. లోపల జ్ఞానస్నానం నాటి కొవ్వొత్తి, ఆ రోజు రెండు వేళ్ళంత కాలి ఆర్పేసినది, ఇరవై తొమ్మిదేళ్ళు బట్టల పెట్టె అడుగున దాచినది, మైనం పసుపు తిరిగిపోయింది. డ్రైవరు దాన్ని అద్దం ముందు ఎండలో పడేసి తెచ్చినట్టున్నాడు, నడుం దగ్గర మెత్తబడి వంగిపోయింది. సొరాయా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "మా అమ్మ తను రాకుండా దీపం పంపింది, చూశావా. ఇది కూడా నాలాగే, తిన్నగా బయల్దేరి వంకరగా వచ్చి చేరింది" అని నవ్వింది, నవ్వి, దిండు కింద పెట్టుకుని, సాయంత్రం దాకా ఆ దిండు మీంచి తల తియ్యలేదు. లిండాల్వాకి ఒళ్ళు మండిపోయింది. ఆ తల్లి ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టేది. కన్నబిడ్డ చావుకి సామాను పంపడానికి చేతులు వచ్చాయి గాని బస్సెక్కడానికి కాళ్ళు రాలేదా నీకు? ఆ కోపం రెండు రోజులుంది. తర్వాత ఒకరోజు దుప్పట్లు ఉతుకుతూ ఉతుకుతూ ఆగిపోయింది, మొగుడు ఇంట్లో లేని వేళ చూసి పెట్టె తెరిచిన ఆడమనిషి కనిపించింది, అడుగున తడిమిన చెయ్యి కనిపించింది, బస్టాండు దాకా ఎండలో నడిచి, ఎవరికమ్మా ఇది అని డ్రైవరు అడిగితే ఏం చెప్పాలో తెలియక నిలబడిపోయిన మనిషి కనిపించింది. అయినా రావాల్సింది. ఏమైనా సరే రావాల్సింది.

ఆ కొవ్వొత్తి చూశాకే అడెర్బాల్ సంగతి చెప్పింది సొరాయాకి, ఇంకెవరికీ చెప్పలేదు, ఫాదర్‌కి కూడా సగమే చెప్పింది. సొరాయా వేలు పట్టుకుని నెయిల్ పాలిష్ తుడుస్తూ, తల వంచుకుని అంతా చెప్పేసింది, ఫ్యానుతో సహా. తిడుతుందనుకుంది, ఏడుస్తుందనుకుంది, కనీసం జాలిపడుతుందనుకుంది. సొరాయా ఊయల ఊగిపోయేట్టు నవ్వింది, దగ్గు వచ్చేదాకా నవ్వింది, దగ్గి దగ్గి కళ్ళు తుడుచుకుంటూ, "పట్టపగలు! నెత్తిన ఫ్యాను గిర్రున తిరుగుతుంటే! ఓసి నా పిచ్చి అత్తా, అబద్ధమాడటం కూడా రాదా నీకు?" అంది. లిండాల్వాకి చిన్నతనమేసింది, ఆ వెంటనే ఎందుకో గుండెలోంచి ఒక బరువు పక్కకి జరిగినట్టయింది. నవ్వు ఆగాక సొరాయా పైకప్పు వైపు చూస్తూ, "నాకు మాత్రం నేను చెప్పినప్పుడు వెలిగించు" అంది. చెప్పలేకపోతేనో? అంది లిండాల్వా. "నేనా? చెప్పలేకపోవడమా? పెట్టెలో పెట్టి మేకులు కొట్టాక కూడా వాగుతాను నేను" అంది. దిండు కింది కొవ్వొత్తి తీసి లిండాల్వా జేబులో పెట్టింది, అంతే ఒప్పందం. ఇప్పుడు చూడు, చెప్పడం లేదు. నిన్న పొద్దున అత్తా అని సగం పిలిచింది, ఆ సగమే మిగిలింది.

పద్దెనిమిది. పంతొమ్మిది. ఇరవై. లిండాల్వా లేచి నిలబడింది. వచ్చింది, కానీ లోపలికి వెళ్ళిన గాలి బయటికి రావడానికి దారి వెతుక్కుంటోంది. పాదాలు పట్టుకుంది, చల్లగా ఉన్నాయి, నెల నుంచీ చల్లగానే ఉన్నాయి, ఏం లాభం. ముక్కుకొన, అంతే. వేళ్ళు దుప్పటి పీకడం లేదు, ఊరికే పడి ఉన్నాయి, ఎర్ర రంగు సగం పోయిన గోళ్ళతో. అమ్మా, నువ్వయితే ఏమనేదానివి? కాఫీ కాచుకోమనేదానివా, పిలవమనేదానివా? ఇంకో సంగతి, అమ్మకి ఈ సిలిండరు లేదు. కొవ్వొత్తి వెలిగించాలంటే ముందు ఈ చక్రం తిప్పి గాలి కట్టెయ్యాలి. తను పొరపాటు పడితే ఉట్టి వెలుగు చూపించడం కాదు, ఊపిరి లాక్కోవడం. గాలి ఉంచితే చీకట్లో పోతుంది, వెలుగిస్తే గాలి పోతుంది, ఈ రెండింటిలో ఏది ఇవ్వాలో తనలాంటి బట్టలుతికేదానికి వదిలేసి సిస్టర్ ఊళ్ళోకి వెళ్ళిపోయింది, దేవుడు ఎక్కడికి వెళ్ళాడో. భయంగా ఉంది. ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇరవై మూడు, సొరాయా, తల్లీ, ఒక్క మాట చెప్పు, ఇరవై ఆరు. వచ్చింది. చిన్నది. ముక్కు దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయే ఊపిరి.

లిండాల్వా చక్రం తిప్పింది. బుస్సుమనే చప్పుడు ఆగిపోగానే గది ఇంత నిశ్శబ్దంగా ఉంటుందా అనిపించింది. గొట్టం తీసి సిలిండరుకి తగిలించింది, కిటికీ రెండు రెక్కలూ బార్లా తెరిచింది, తలుపు తెరిచింది, సిలిండరుని వాటేసుకుని నడవాలోకి ఈడ్చింది, ఎప్పుడూ ఇద్దరు లాగే సిలిండరు అది. మళ్ళీ వచ్చి జేబులోంచి కొవ్వొత్తి తీసింది. ఫ్యాను గాలికి వత్తి నిలవదు, ఆర్పెయ్యాలి. గోడ దగ్గరికి వెళ్ళి స్విచ్చి మీద వేలు పెట్టింది. పెట్టి, ఆగింది. ఫ్యాను ఆగిపోతే, సొరాయా కళ్ళు తెరిచినా, కరెంటు పోయింది అని చెప్పొచ్చు. ఈసారి నిజంలాగే ఉంటుంది. ఛీ, గాలి కోసం కాదు, ఆ మాట కోసమే ఇక్కడికి వచ్చింది ఈ చెయ్యి. వేలు తీసేసింది. తిరగనీ. ఊయల దగ్గరికి వచ్చి ఫ్యానుకి వీపు అడ్డం పెట్టి వంగింది, మొదటి పుల్ల ఆరిపోయింది, రెండోది ఆరిపోయింది, మూడోదానికి ఇరవై తొమ్మిదేళ్ళ కిందట నల్లబడిన వత్తి అంటుకుంది. సొరాయా వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి కొవ్వొత్తి నిలబెట్టి, ఆ గుప్పిటి మీద తన గుప్పిట మూసింది, రెండో చెయ్యి మంటకి అడ్డం పెట్టింది. తొడుగులు లేవు. మరియమ్మ జపం మొదలుపెట్టింది.

సగంలో ఉండగా సొరాయా కళ్ళు తెరిచింది.

లిండాల్వా జపం ఆగిపోయింది. చేతులు వెనక్కి తీసుకోబోయి తీసుకోలేకపోయింది. ఆ కళ్ళు ముందు కొవ్వొత్తిని చూశాయి, నడుం దగ్గర వంగిన కొవ్వొత్తిని, మంట పక్కకి వాలి మళ్ళీ లేస్తున్న కొవ్వొత్తిని. తర్వాత లిండాల్వా మొహం చూశాయి. తర్వాత నెమ్మదిగా, ఎంతో దూరం ఎక్కవలసినట్టు, పైకి వెళ్ళి ఫ్యాను దగ్గర ఆగాయి. పెదవుల్లో ఒక మూల, పొక్కులున్న వైపే, కదిలింది. గొంతు లేదు, ఊపిరి కూడా దాదాపు లేదు, పెదవులే, లిండాల్వా చెవి ఆ నోటికి ఆనించింది.

"కరెంటు పోయిందా... అత్తా?"

"లేదు తల్లీ," అంది లిండాల్వా. "కరెంటుంది. ఫ్యాను తిరుగుతోంది."

ఆ పెదవుల మూల అలాగే ఉంది కాసేపు. తర్వాత తన గుప్పిటి కింద ఆ వేళ్ళు, సగం రంగు పోయిన గోళ్ళున్న వేళ్ళు, వాటంతట అవే కొవ్వొత్తి చుట్టూ ముడుచుకున్నాయి. మైనం కారి లిండాల్వా చేతి మీద పడింది, ఆమె చెయ్యి తియ్యలేదు. లెక్కపెట్టడం మానేసి జపం మొదటి నుంచి మళ్ళీ అందుకుంది. వీధిలో ఐసు బండి గంట మలుపు తిరిగి వెళ్ళిపోయింది. సిస్టర్ బెనీగ్నా కొత్త సిలిండరుతో గేటు దగ్గర దిగేసరికి కొవ్వొత్తి ఇంకా వెలుగుతూనే ఉంది, దాన్ని పట్టుకున్న రెండు చేతుల్లో ఒక్కటే వెచ్చగా ఉంది.